4464 లీటర్ల అబద్ధం

ఏప్రిల్ చివర్లో, ఉదయం ఆరున్నరకు మా బండి సూరత్‌లోని ఖటోదరా చేరింది. కరోనా రెండో అల ఉధృతంగా ఉంది. మూతపడిన బట్టల గోదామును రెండు వందల పడకల ఆసుపత్రిగా మార్చారు. మేము సైన్యంలో సిగ్నల్స్ దళం వాళ్లం, పదకొండు మందిమి. నేను హవల్దారును. ఎనిమిది వాకీటాకీలు, రెండు రౌటర్లు, నాలుగు వందల మీటర్ల కేబుల్ తెచ్చాం. ఉత్తర్వు ఒక్కటే: ఆక్సిజన్ ట్యాంకుకూ కంట్రోల్ రూముకూ మధ్య లైను తెగకూడదు.

ట్యాంకు దగ్గర నర్సయ్య ఉండేవాడు. సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఉండే తెలంగాణ మరమగ్గాల కార్మికుడు. మగ్గాలు ఆగాక ఈ పనిలో చేరాడు. నాలుగు గంటలకోసారి మీటరు చూసి, మిగిలిన లీటర్లు ట్యాబ్‌లో కొట్టేవాడు. ఆ అంకె మా కేబుల్ మీదుగా కంట్రోల్ రూము తెరకు చేరేది. దాన్ని చూసే ట్యాంకర్లు పంపేవారు.

రెండో రోజు లైను పరీక్షిస్తూ ట్యాబ్‌లో లక్ష అని కొట్టాను. కిక్కురుమనకుండా తీసుకుంది. తెర మీద 34464 కనిపించింది. సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజనీరుకు ఫోన్ చేశాను. గుంటూరు మనిషి.

"ఆ అంకెకు రెండు బైట్లే ఇచ్చాం సార్. 65535 దాటితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది," అన్నాడు తాపీగా.

"దాటితే తీసుకోకూడదు కదా?"

"ట్యాంకే పది వేల లీటర్లు. అంత ఎవరు కొడతారండీ?"

"రెండు జతల గ్లవ్స్, ఆవిరి పట్టిన షీల్డు. ఎవరైనా కొడతారు."

"తర్వాతి వెర్షన్‌లో చూద్దాం సార్."

రెండు రిపోర్టులు రాసి మా పై అధికారి సుబేదార్ సాబ్‌కు ఇచ్చాను. ఆయన పైకి పంపారు. అవి పైనే ఉండిపోయాయి.

తొమ్మిదో రోజు. ఎండ నలభై ఒకటి. ఉదయం తొమ్మిదికి ట్యాంకులో 700 లీటర్లు మిగిలాయి. నర్సయ్య గ్లవ్ సున్నా మీద అతుక్కుని రెండు సున్నాలు ఎక్కువ పడ్డాయి. డెబ్బై వేలు తెర మీద 4464 అయింది. డెబ్బై వేలనే కనిపించి ఉంటే అందరూ నవ్వేవారు. 4464ను అందరూ నమ్మారు. మాకు రావలసిన ట్యాంకరును వేరే ఆసుపత్రికి మళ్లించారు.

పదకొండూ ఇరవైకి కంట్రోల్ రూములో నా రేడియో పలికింది. ట్యాంకు దగ్గర నుంచి నర్సయ్య.

"కంట్రోల్, ట్యాంక్. బండి ఏది సార్? జర జల్దీ పంపుండ్రి. ఓవర్."

"ట్యాంక్, కంట్రోల్. ఇంకా నాలుగు వేల పైన ఉంది కదా అన్నా. ఓవర్."

"ఏంది సార్ గిట్లంటరు? మీటర్ నా కండ్ల ముందటున్నది. నాలుగు వందలు గూడ లేవు. ఓవర్."

లక్ష కొట్టి చూసినవాణ్ణి నేనే. అయినా పది నిమిషాలు తెరనే నమ్మాను. ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండేది అక్కడే. తర్వాత పరిగెత్తి వెళ్లి మీటరు చూశాను. నర్సయ్య మాటే నిజం. సరఫరా అధికారికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ, "సిస్టంలో ఉంది కదా," అన్నాడు. చివరికి సుబేదార్ సాబ్ గొంతు పెంచాక, పన్నెండూ ఐదుకు ట్యాంకరును వెనక్కి తిప్పారు.

ఒకటీ నలభైకి ప్రెషర్ పడిపోయింది. రెండుంబావుకు ట్యాంకర్ వచ్చింది. ఆ ముప్పై ఐదు నిమిషాలూ సిలిండర్లు మోశాం. ఎవరూ చనిపోలేదు. డాక్టరు రెండుసార్లు చెప్తేగానీ నాకు నమ్మకం కుదరలేదు.

సాయంత్రం ఇంజనీరు, తప్పు అంకె కొడితే తీసుకోకుండా ట్యాబ్‌లో అడ్డు పెట్టి, అయిపోయిందన్నాడు. నేను ట్యాబ్ పక్కనపెట్టి, ల్యాప్‌టాప్ నుంచి నేరుగా లెక్క దాచే సర్వర్‌కు మైనస్ ఐదు పంపాను. తెర మీద 65531 వచ్చింది.

"తలుపుకి కాదు బాబూ, తాళం పెట్టాల్సింది బీరువాకి," అన్నాను.

మర్నాడు సర్వర్‌లోనే పెట్టాడు. సున్నాకు తక్కువైనా, పది వేలకు ఎక్కువైనా వెనక్కి కొడుతుంది. మొత్తం నాలుగు వరుసల కోడ్. నాలుగు వరుసలకు ఎనిమిది రోజులు.

జూన్‌లో వరంగల్ తిరిగొచ్చాను. అందరూ సరిహద్దు సంగతులే అడుగుతారు. నాకు గుర్తొచ్చేది ఒక ముసలామె. ఆ మధ్యాహ్నం సిలిండర్ మోసుకుని ఆమె మంచం దగ్గరికి వెళ్లాను. ఊపిరి ఆడక మాట రావడం లేదు. చెయ్యెత్తి పక్క మంచం మీది అమ్మాయిని చూపించింది. ముందు ఆ అమ్మాయికి పెట్టమని. సిలిండర్ దించాను. అయినా ఆ వేలు పక్క మంచం వైపే ఉంది.