నీళ్లలో ఆవగింజంత బుడగ

నిన్న సాయంత్రం మా అక్క కూతురు డ్యూటీ దిగి పంజాగుట్ట నుంచి తిన్నగా శ్రీనగర్ కాలనీలోని మా ఇంటికి వచ్చి, చెప్పులైనా సరిగ్గా విడవకుండా ఆపరేషన్ థియేటర్ కబుర్లు మొదలుపెట్టింది. నేను పనిచేసిన ఆసుపత్రిలోనే అదీ నర్సు. పెద్దపేగు చివర కేన్సర్ గడ్డ తీసేశాక, మిగిలిన కొసలు కలిపేముందు చేతి నరంలోకి ఏదో రంగు మందు ఎక్కిస్తారట, రక్తం బాగా అందుతున్న పేగు తెరమీద ఆకుపచ్చగా వెలిగిపోతుందట, వెలగని చోట అతుకు వెయ్యరట. రిటైరై ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు పులకరించింది. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి ఆ ఆపరేషన్ చెయ్యడం మాకు కొత్తగా వచ్చిన రోజుల్లో, అతుకుని పరీక్షించడానికి మాకున్నవి నీళ్లూ గాలీ మాత్రమే. అతుకు మునిగేదాకా పొట్టలో సెలైన్ నీళ్లు పోసి, కింది నుంచి పేగులోకి గాలి కొట్టి, బుడగలు వస్తాయేమోనని తెరకేసి చూసేవాళ్లం. అతుకు కారిందంటే మలం పొట్టలోకి చేరి, చీము పట్టి, ప్రాణం మీదికి వస్తుంది కనుక, మహా మాటకారి మత్తు డాక్టరుగారు కూడా కబుర్లు మాని లేచొచ్చి మా భుజాల మీంచి తొంగి చూసేవారు.

ఒకసారి ఆపరేషన్ బల్లమీదికి వచ్చినవాడు అమీర్‌పేటలో నా స్కూటరుకు పంక్చర్లు వేసే భాయ్. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రబ్బరు ట్యూబుని నీళ్ల తొట్టెలో ముంచి కాస్త కాస్త తిప్పుతూ చూసేవారు. ముందురోజు ఆయన భయం పోగొడదామని మా నీళ్ల పరీక్ష సంగతి చెబితే, పడుకున్నవాడు లేచి కూర్చుని నవ్వాడు. "గిది మా పనే గద సిస్టర్. నీళ్లల్ల పెట్టినంక జర ఆగాలె. చిన్న లీకు లేటుగ తెలుస్తది," అని నాకే పాఠం చెప్పాడు.

మర్నాడు గాలి కొట్టారు, బుడగ లేదు. పెద్ద డాక్టరుగారు నీళ్లు తోడెయ్యమన్నారు. పనిముట్లు అందించడం తప్ప ఎన్నడూ ఎదురుచెప్పి ఎరగనిదాన్ని, ఇంకొక్క నిమిషం ఆగుదామండీ అనేశాను. ఆయన విసుక్కుంటూనే ఆగారు. అందరం చూస్తుండగా అతుకు వెనకనుంచి ఆవగింజంత బుడగ ఒకటి తీరిగ్గా పైకి వచ్చింది, దాని వెనకే ఇంకొకటి. అక్కడ మరో రెండు కుట్లు పడ్డాయి, ఈసారి ఎంతసేపు చూసినా నీళ్లు కదల్లేదు. పేగు మళ్లీ పనిచేస్తోందనడానికి మాకు గుర్తు అదే కనుక, నాలుగోనాడు భాయ్‌కి గాలి వెళ్లిందని ఆయన భార్య వార్డంతా వినపడేలా చెబితే, నేను సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను.

ఇప్పుడా కొట్టు లేదు, ఆ చోట మెట్రో మెట్లు. టైర్లలో ట్యూబులే లేకపోయాక నీళ్ల తొట్టెతో ఎవరికీ పనిలేదు. భాయ్ ముసలివాడై, మనవల పెళ్లిళ్లు చూసుకుని, నిరుడు పోయాడు. రంగు మందు వచ్చాక నీళ్లు పొయ్యడం మానేశారా అని బెంగగా అడిగాను. లేదు పిన్నీ, అదీ చేస్తాం, గాలి కొట్టాక నిమిషంపాటు ఎవరూ కదలకూడదు, ఎందుకో మరి మా దగ్గర ఎప్పటినుంచో అంతేనట అంది అక్క కూతురు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నిమిషం ఎవరిదో దానికి చెబుదామని, మళ్లీ పాలు పొయ్యిమీద పెట్టాను.