ఉత్తరపు ఎండని ఇంట్లోకి తెచ్చిన అమ్మాయి

మా ఇంటి ప్లాను గీసిన అమ్మాయి పోయిందని మొన్న కోడలు ఫోను చూసి చెప్పింది. నేను నమ్మలేదు. ఫోన్లో ఎవడైనా ఏదైనా రాస్తాడు. అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి, మొహం చూశాకే ఒప్పుకున్నాను. గుండె ఆగిందట. ఇంకా యాభై కూడా రాలేదు.

నాకు చదువు లేదు గానీ, కాకినాడ పక్కన తాపీ మేస్త్రీగా బోలెడు ఇళ్లు కట్టాను. అందుకే భూమికి అడుగున ఉన్న ఈ జాన్సన్‌విల్‌లో మావాళ్లు ఇల్లు కడతామన్నప్పుడు గీసేవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచాను. అద్దింట్లో గోడలన్నీ చెమ్మ, కిటికీలకి బూజు. మనవరాలు చలికాలమంతా ఆయాసం పంపు పీలుస్తూ దగ్గేది. కొత్తింట్లోనూ దగ్గితే ఇంకెక్కడికి పోతాం?

ఆ అమ్మాయిది తెనాలి వైపు. కాగితం పరిచింది. పెద్ద అద్దాలూ, సోలార్ పలకలూ అన్నీ ఉత్తరానికే.

"దిక్కులు తెలుసా అమ్మాయ్? సూర్యుడు దక్షిణంగా కదా నడిచేది!"

"మనూళ్లో బాబాయ్. ఇక్కడ ఉత్తరంగా నడుస్తాడు."

మిట్టమధ్యాహ్నం స్థలంలో నిలబెట్టింది. నా నీడ తను దక్షిణం అన్న వైపే పడింది. పక్కింటి కివీ ముసలాయన్ని, ఈ దేశం వాడే కదా అని, ఉత్తరం ఎటో చూపించమన్నాను. ఆయనా ఈ అమ్మాయి చెప్పిన వైపే చూపించాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో అన్నాను.

"సూర్యుడితో కూడా మాట్లాడి ఉంచాను బాబాయ్" అని నవ్వింది.

ఎవరింటికెళ్లినా చెప్పులతో పాటు సాక్సూ విప్పేసేది. "ముందు అరికాళ్లకి తెలియాలి, తర్వాతే థర్మామీటరు" అనేది. నున్నటి కాంక్రీటు నేల పగలు ఎండ పట్టుకుని సాయంత్రం వదులుతుందని ఆవిడ లెక్క. కాంక్రీటు గురించి నాకు చెప్పడమా! మొదటి చలికాలం ఆ నేల వెచ్చగా తగిలేసరికి, కింద హీటరు తీగలు దాచిందనుకున్నాను. ఓ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు మెయిన్ ఆపేసి, నేల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది.

"చీకట్లో ఏం చేస్తున్నారు బాబాయ్?"

"నీ తీగలు వెతుకుతున్నా."

సాక్సు విప్పి పక్కన చతికిలబడింది. "దొరికితే నాకూ చూపించండి."

చాలాసేపు కూర్చున్నాం. నేల చల్లబడలేదు. కోడలు వచ్చి, ఫ్రిజ్జు ఆపేశారని ఇద్దర్నీ కలిపి తిట్టింది.

బాగుందని ఆవిడతో నేనెప్పుడూ అనలేదు. ఒక్క చలికాలంతో ఏం తెలుస్తుంది, ఇంకోటి కూడా చూద్దాం అన్నాను. "చూడండి బాబాయ్, మీరు చూస్తుంటే నాకూ భయం ఉంటుంది" అంది. అలా అన్నవాళ్లని నా పనిలో నేను చూడలేదు.

ఇప్పుడు రెండో చలికాలం. పొద్దున మనవరాలు నేల మీద బోర్లా పడుకుని బొమ్మలేస్తోంది. ఎండ జరిగినకొద్దీ తనూ జరుగుతోంది. నేను టీవీ గొంతు నొక్కేసి, పక్కన కుర్చీ వేసుకున్నాను, దగ్గు వస్తుందేమోనని. ఇంతవరకూ రాలేదు. వింటూనే ఉన్నాను.