కినుయో వేళ్లకు తెలిసిన పని

ఒసాకా తూర్పు శివారులోని ఆ చిన్న కార్ఖానాలో, పాటల రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ మొత్తం తయారయ్యేది కాదు. తిరిగే పళ్లెం ఒకచోట, మోటారు ఇంకొకచోట. ముల్లును మోసే సన్నని లోహపు చేయి ఒక్కటే ఇక్కడి పని. సూదిమొనల్లాంటి నాలుగు మరలు ఆ చేతిని పట్టి నిలబెడతాయి. మర వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే చేయి బిగుసుకుంటుంది, తక్కువ తిప్పితే వణుకుతుంది. రెండింటికీ నడుమ ఎక్కడ ఆపాలో కినుయో కళ్లు మూసుకుని, చూపుడువేలి కొనతో చెప్పేది. ఇరవై ఆరేళ్లు అలాగే చెప్పింది.

డీజేల దగ్గర ఆ యంత్రాలు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. రికార్డును ముందుకు తోస్తారు, వెనక్కి లాగుతారు, మీద బీరు ఒలకబోస్తారు. అయినా ముప్పై ఏళ్లనాటివి కూడా శుభ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఆ మాట ఎవరైనా అంటే కినుయో మూతి తిప్పి, "నేను బిగించాక తిరక్కేం చేస్తుంది?" అనేది. ఆవిడకు అణకువ తక్కువే. అంత పని చేతిలో ఉన్నవాళ్లకు అణకువ ఎందుకో నాకూ తెలియదు.

ఆ వేళ్లను మాత్రం పసిపిల్లల్లా చూసుకునేది. గిన్నెలు తోమాలంటే రబ్బరు తొడుగులు వేసుకునేది. వేడినీళ్లు ముట్టేది కాదు. ముల్లంగి తరగడం, చేప పొలుసు తీయడం మొగుడి వంతు. "మా ఇంట్లో ఉన్నది మహారాణి కాదు, మహారాణి వేళ్లు. నేను వాటికి బంట్రోతుని," అని ఆయన వీధంతా చెప్పుకుని నవ్వేవాడు.

తర్వాత రికార్డులు కొనేవాళ్లు తగ్గారు, ఆర్డర్లు ఆగిపోయాయి. కినుయో కూర్చుని మరలు బిగించే బల్ల మూసేసిన రోజున యజమాని, "మళ్లీ మొదలైతే మొదటి కబురు నీకే," అన్నాడు. మర్యాదకు అన్న మాట. కినుయో దాన్ని నిజమని పట్టుకుంది.

ఆ మరుసటేడు మొగుడు పోయాడు. ఒంటరిగా ఇంట్లో కూర్చోలేక బజారులో కొరొక్కె వేయించే దుకాణంలో చేరింది. ఎనిమిదేళ్లు ఉడికిన బంగాళదుంపను ఉండలు చేసింది, కాగే నూనె ముందు నిలబడింది. పొద్దున్నే దుకాణానికి దగ్గరిదారి ఉన్నా, కార్ఖానా ముందునుంచి చుట్టూ తిరిగి వెళ్లేది. ఆ బల్ల ముందు, ఆ దీపం కింద మళ్లీ ఒక్కసారి కూర్చోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది.

ఒక మధ్యాహ్నం ఇబుకి వచ్చాడు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు కార్ఖానాలో ఫోర్‌మన్.

"అక్కా, రెండు కొరొక్కె."

"జుట్టంతా ఏమైందిరా?"

"నీ తిట్లకి రాలిపోయింది." బట్టతల తడుముకుంటూ, "కుర్రకారు మళ్లీ రికార్డులు కొంటున్నారక్కా. బల్ల తెరుస్తున్నాం. సోమవారం వచ్చి పది చేతులు బిగించి చూపించు. పేరుకే పరీక్ష," అన్నాడు.

"నాకు పరీక్షేంట్రా?"

"నేనూ అదే అన్నా పైవాళ్లతో."

అడిగినవి రెండైతే ఆరు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

సోమవారం మధ్యాహ్నానికల్లా పది చేతులు పూర్తయ్యాయి. పదీ బాగున్నాయని వేలు చెప్పింది. ఇబుకి వాటిని ఒక్కొక్కటే బిగువు కొలవడానికి కొత్తగా వచ్చిన గేజ్ మీద పెట్టాడు. మూడు చేతులకు గేజ్ ముల్లు హద్దు గీత దాటింది. అతను చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

"గేజ్‌కే ఏదో అయ్యుంటుంది. ఇంత తేడా ఎవడికి తెలుస్తుందిలే అక్కా."

"ఎవడికో ఎందుకు, నాకు తెలియాలిగా."

మంచిదొకటి, చెడ్డదొకటి పక్కపక్కన పెట్టించుకుని కళ్లు మూసుకుని ముట్టుకుంది. రెండూ ఒకేలా ఉన్నాయి. బొటనవేలితో చూపుడువేలి కొనను రుద్దుకుంది. నూనె చింది చింది అక్కడ చర్మం మొద్దుబారింది. పిలుపు కోసం ఎదురుచూసిన ఆ ఎనిమిదేళ్లే వేలిని తినేశాయి. పనికిరానివాటికి కట్టే ఎర్ర చీటీలు మూడు తీసి తన చేత్తోనే కట్టింది.

"గేజ్ పెట్టుకుని చేద్దువుగాని అక్కా. అందరం అలాగే చేస్తున్నాం."

"అందరూ చేసేదానికి నన్నెందుకు పిలిచావురా?" అంది మెత్తగా.

ఇబుకి తన బల్ల దగ్గరికి వెళ్లి ఒక చేయి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"ఇది పొద్దున నేను బిగించా. గేజ్ మీద ఇంకా పెట్టలేదు. నువ్వు చూడు. నువ్వు సరేనంటే పంపించేస్తా."

పని నేర్చుకునే రోజుల్లో అతను తెచ్చిన పదింటిలో తొమ్మిది వెనక్కి తోసేది. 'నువ్వు చూడు' అని ఎవరైనా అడిగితే చాలని ఇన్నేళ్లలో ఎన్ని పొద్దులు అనుకుందో. కళ్లు మూసుకుని వేలు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. సరేనంటే అతను మురిసిపోతాడు, గేజ్ జోలికే పోడు.

"గేజ్ మీద పెట్టు," అంది కళ్లు తెరవకుండానే. "నా మాట మీద ఇక ఏదీ బయటికి పంపకు."