గోడ అవతలి సాంచె

మొన్న జగిత్యాలలో కూతురింటికి పోతే, అల్లుడు కొత్త హోం థియేటర్ బిగిస్తూ, సబ్‌వూఫర్ అనే నల్లడబ్బాను తీసుకుపోయి పక్కింటి గోడకు ఆనించాడు. "గోడకు పెట్టకు అల్లుడా, చుట్టరికాలు చెడుతయి" అన్నాను. "డబ్బకు, చుట్టరికానికి ఏం సంబంధం మామా?" అని నవ్వాడు. వాడికి చెప్పలేదు గానీ, మీకు చెబుతాను.

సిరిసిల్లలో మా అన్న ఇంటికీ నా ఇంటికీ మధ్య ఒకే గోడ. ఒకప్పుడు మా ఇద్దరికీ కలిపి అరవై సాంచెలుండేవి. మరమగ్గాలను మేం అలాగే అంటాం. సరే, అరవై కాదు, పదహారు. నిజం చెప్పాలంటే ఎనిమిది. పని తగ్గిపోయాక, ఒకడు నడిపి ఒకడు మానుకుంటే మనస్పర్థలొస్తాయని, కోరుట్లలో ఉండే మా అక్క ఇద్దరినీ కూర్చోబెట్టి ఒట్టు వేయించుకుంది. ఆపితే ఇద్దరూ ఆపాలి, అన్నీ తుక్కు కింద అమ్మేయాలి. "ఒట్టు దప్పినోని ఇంట్ల నేను మంచినీళ్లు గూడ ముట్ట" అంది. ఏదో పెళ్లిలో ఒక మాట పడ్డందుకు పన్నెండేళ్లు మేనమామ గడప తొక్కని మనిషి ఆమె.

సాంచెలు పోయిన ఏడాదికి, మధ్యాహ్నాల పూట అన్న గోడలోంచి ధబ్ ధబ్‌మని చప్పుడు మొదలైంది. గంటల తరబడి ఒకటే లయ. మాటా లేదు, పాటా లేదు, వట్టి దెబ్బ. నలభై ఏళ్లు షెడ్డులో ఉన్నవాణ్ని, సాంచెలో అటూ ఇటూ పరుగెత్తే నాడె దెబ్బ విని పోగు ఎక్కడ తెగిందో చెప్పగలనని ఊరంతా చెప్పుకున్నవాణ్ని. బట్ట చూడకుండా ఒక్కసారీ చెప్పలేదు, అది వేరే సంగతి. గోడకు చెవి పెట్టి తీర్పు చెప్పేశాను: అన్న దొంగచాటుగా సాంచె నడుపుతున్నాడు. ఇక ఆయన తలుపు మూసి ఉండటం, వదిన నన్ను చూసి ఊరికే నవ్వడం, అన్నీ సాక్ష్యాలే అయ్యాయి. ఆమె పంపిన సర్వపిండిని మూత తీయకుండా తిప్పి పంపాను. మూడు నెలలు అన్నతో మాట్లాడలేదు. చివరికి కోరుట్ల నుంచి అక్కను పిలిపించాను.

అక్క గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. మొహం మాడిపోయింది. ఇద్దరం పోయి అన్న తలుపు తోశాం. సాంచె లేదు. అన్న కుర్చీలో కూర్చుని, నల్లడబ్బా మీద రెండు పాదాలూ పెట్టుకుని టీవీలో డప్పు పాటలు వింటున్నాడు. "ఏందిరా, ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నాడు నన్ను చూసి. షెడ్డు మోతకు ఆయన చెవులు సగం పోయాయని, పాట ఇప్పుడు పాదాల్లోంచే అందుతోందని వదిన చెప్పింది. ఆ డబ్బా బిగించిన వాళ్ల కొడుకు లోపలి గదిలోంచి వచ్చాడు. "సన్న సౌండ్ గోడ దాటది చిన్నబాపు, లావు సౌండే దాటుతది. చిన్న స్పీకర్లు దాన్ని మొయ్యలేవని, ఎనభై హెర్ట్జ్‌ల కిందిదంత కోసి గీ డబ్బకు మలిపిన. మూలకు పెట్టేసరికి గోడ గూడ మోగుతున్నది" అని, డబ్బాను అన్న పాదాలతో సహా ఇంటి నడుమకు జరిపాడు.

"నా పెద్ద తమ్మున్ని మూడు నెలలు దొంగను జేసినవ్ గదరా. ముందు నీ కడుపుల ఏమున్నదో జూసుకో" అని తిట్టి, అక్క మా ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు తాగింది.

కడుపులో ఉన్నది ఇదీ. ఎనిమిదిట్లో ఏడే తుక్కుకు పోయాయి. ఒకటి బోయినపల్లిలో మా బావమరిది కొట్టంలో నా కోసం ఆడుతూనే ఉంది. అన్న గోడలో నాకు వినిపించింది బహుశా అదే. అక్క ఆ నీళ్లు తాగుతుంటే చెయ్యి పట్టుకుని ఆపలేకపోయాను. మరుసటి వారమే దాన్ని అమ్మేశానని రాయబోయాను. లేదు, ఇంకో రెండేళ్లు నడిపాను. అన్నకైతే చెప్పాను, డప్పు పాట జోరుగా నడుస్తుండగా, చిన్న గొంతుతో. ఆయన తలూపాడు. నాకో, పాటకో తెలియదు. అక్కకు వచ్చేసారి చెబుదామనుకుంటూ పోయాను. వచ్చేసారి అనేది కాలం దగ్గర లేని సరుకని, ఆమె కన్నుమూశాకే తెలిసింది.