అలవాటైన మూల

రిటైరైన లేత్ ఫోర్‌మన్ గారు కంప్యూటర్ రిపేరు షాపుకొస్తే ముందు గొప్పలు, తర్వాతే పని. పల్లెటూరి బడి చదువుతోనే షాఫ్టులు వెంట్రుకవాసి తేడా రాకుండా తిప్పానని, ఇంజనీర్లే తన దగ్గర నేర్చుకున్నారని చెప్పి మీసం దువ్వుకునేవారు. ఆ రోజూ అదంతా అయ్యాకే విషయానికొచ్చారు. "ఇంట్లో పాత కంప్యూటర్ మొరాయిస్తోందోయ్. విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఏదైనా వెయ్యి. బొత్తిగా రానివాళ్లకి కూడా తేలిగ్గా ఉండాలి."

"మీకు రానిదేముంది బాబాయ్!" అని నవ్వాడు మెకానిక్.

"నాకు కాదోయ్, మీ పిన్నికి."

మెకానిక్ ముందు చూపించిన ఉబుంటు అనే లినక్స్ చూసి ఫోర్‌మన్ గారు తల అడ్డంగా ఊపారు. మింట్ అనే ఇంకో రకంలో మెనూ, విండోస్‌లో లాగే, ఆవిడ చేతికి అలవాటైన కింది మూలనే ఉందని అదే ఖాయం చేశారు. ఆవిడ ఒకప్పుడు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. మౌస్ పట్టుకోవడం ఆయనకు నేర్పింది ఆవిడే. ఇప్పుడు మతిమరుపు జబ్బు వచ్చి రోజూ మొదటినుంచి మొదలుపెడుతోంది.

ఆ సాయంత్రం ఆయన ఆవిడ చేతిమీద చెయ్యి వేసి మౌస్ కదిపించారు. మెనూ తెరుచుకోగానే ఆవిడ ముఖం విప్పారింది. "ఎంత ఓపికగా చెప్తున్నారండీ మాస్టారూ! మా ఆయనక్కూడా కాస్త నేర్పండి. పైకి అన్నీ వచ్చంటారు గానీ, పాపం, ఏమీ రాదు."

ఫోర్‌మన్ గారి చెయ్యి మీసం దాకా వెళ్లి ఆగిపోయింది. "అలాగేనమ్మా, రేపు పంపించండి," అన్నారు.