అమ్మ వేలికి అంటిన బెల్లం

ల్యాబ్‌లో ఏడాదిన్నర పాటు నా కాగితం ముక్కలకు నేను తాగించింది చక్కెర నీళ్లే. తపాలా బిళ్లంత ముక్క, దాని మీద మైనంతో గీసిన చిన్న గడి, గడిలో ఆరబెట్టిన మందు. చక్కెర తక్కువైతే లేత టీ రంగు, ఎక్కువైతే చిక్కటి డికాక్షన్ రంగు. పైపొర రక్తంలోని ఎరుపును పట్టేసుకుని, పలచటి నీటిని మాత్రమే గడిలోకి దింపితే, షుగర్ ఎంతుందో చూడడానికి రక్తంతోనూ పనిచేయాలి. చేయాలి అనుకోవడం వేరు, చేయడం వేరు.

పది ముక్కలు గాలి చొరని కవరులో వేసుకుని మా ఊరు మైపాడు బస్సెక్కాను. అసలు కారణం అమ్మ. ఆమె కాలి మీద పుండు రెండు నెలలుగా మానడం లేదు. చెంబులకు చెంబులు నీళ్లు తాగుతోంది. నెల్లూరు వెళ్లి రక్తం చూపించుకోమంటే, "లేని రోగం ఆళ్లే అంటగడతారు" అని నా నోరు మూయించేది. పుండు ముదిరితే కాలికే ముప్పు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఫోనులో రెండుసార్లు పోట్లాడాను కూడా.

నేను వెళ్లేసరికి అమ్మ మా రొయ్యల గుంట గట్టు మీద ఉంది. రోగం మాట ఎత్తకుండా, నా కాగితానికి ఒక్క చుక్క రక్తం కావాలన్నాను.

"నీ చదువుకైతే తీసుకోమే" అని చెయ్యి చాపింది.

సూదితో గుచ్చి చుక్క అద్దానో లేదో, గడి నల్లబడిపోయింది. అంత రంగు ల్యాబ్‌లో కూడా చూడలేదు. అమ్మ మాత్రం తన చేతులు చూసుకుని నవ్వింది.

"పొద్దున్నుంచి గుంట నీళ్లు బాగుపడాలని బెల్లం, తవుడు పిసికి కలుపుతా ఉండా. నీ కాయితం బెల్లాన్ని నాకినట్టుంది."

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ముందు చెయ్యి కడిగించాలని జూనియర్లకు పాఠం చెప్పేది నేనే. సబ్బుతో రెండుసార్లు కడిగించి, తుడిచి, వేరే వేలు గుచ్చాను. ఇద్దరం గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాం. ఎరుపు పైనే ఆగింది. గడి తడిసింది. ఒక అంచున టీ రంగు మొదలై, మధ్యకు పాకి, మెల్లగా చిక్కబడి, డికాక్షన్ దగ్గర నిలిచింది. మైనం గీత దాటలేదు.

"వచ్చిందమ్మా, వచ్చింది" అంటూ గంతులేశాను. అమ్మ కూడా లేచి, పక్క గుంటలో మేత చల్లుతున్న పెద్దమ్మను కేకేసింది.

"అక్కా, మా పాప చేసిన కాయితం పనిచేసినాది."

ఆ కేక విన్నాక గానీ నేను నేల మీదకు రాలేదు. నేను గంతులేసింది అమ్మ రోగాన్ని చూసి. సిగ్గుతో చచ్చిపోయాను.

"అమ్మా, ఆ రంగు రాకూడదు. నీకు షుగర్ ఉన్నట్టుంది. ఆస్పత్రిలో చూపించాల" అన్నాను.

అమ్మ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూసింది. మళ్లీ బెల్లం మీదకు నెడుతుందని జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. ఇది నువ్వు చేసినావు కదా" అంది. "కాళ్లు కడుక్కోని వస్తా. నెల్లూరు బస్సు ఎన్నింటికి?"