ఇన్వర్టర్ మీదికి నెట్టిన తప్పు

యమున చదువు ఇంటర్ మొదటి ఏడుతోనే ఆగిపోయింది. గోదావరిఖనిలో వేణుమాధవ్ సార్ నడిపే కంప్యూటర్ సెంటర్‌లో పొద్దున తాళం తీయడం, కీబోర్డుల మీది బొగ్గు దుమ్ము తుడవడం, పిల్లలు వెళ్లాక కుర్చీలు సర్దడం ఆమె పని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. సార్ వెనక బల్ల తుడుస్తున్నట్టే ఉండి, ఆయన తెర మీద ఏం చేస్తున్నాడో చూస్తుంటుంది.

చేరిన రోజే సార్ ఒక పద్ధతి చెప్పాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పేల్చే బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతుంది. ఆ వెంటనే గోడలు అదురుతాయి. ఆ అదురుకు పాత కంప్యూటర్లలో రెండు హార్డ్ డిస్కులు పోయాయట. కాబట్టి సైరన్ వినబడగానే అన్నీ ఆర్పేయాలి. రెండేళ్లలో యమున ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఆ బుధవారం సార్ పొద్దున్నే మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అక్కడివన్నీ లినక్స్ మీద నడిచే పాత మిషన్లే. మరునాడు పరీక్ష ఉన్న పిల్లలకు, సి భాషలో రాసిన ప్రోగ్రాములను కంప్యూటర్ నడిపేలా మార్చే కొత్త కంపైలర్ కావాలి. ఆ మిషన్లకు సరిపడేది తయారుగా దొరకలేదు. అందుకని దాని సోర్స్ కోడ్ తెచ్చి, దాన్నుంచి కంపైలర్‌ను అక్కడే తయారుచేయడానికి కంపైల్‌కు పెట్టాడు. ‘మేక్’ అనే ఆదేశం కొట్టగానే తెర నిండా వరుసలు పరుగెత్తాయి. సాయంత్రానికి అవుతుందని, పిల్లలను ముట్టనివ్వొద్దని చెప్పి అన్నానికి ఇంటికి పోయాడు.

సైరన్ మోగింది. గదిలో యమున ఒక్కతే ఉంది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ వరసగా ఆర్పుకుంటూ పోయింది. మూలదీ ఆర్పేసింది. తెర నల్లబడ్డాక గాని ఏం చేసిందో తెలియలేదు.

సార్ వచ్చి అడిగినప్పుడు నిజం చెప్పాలనే అనుకుంది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"కరెంటు పోయింది సార్. ఇన్వర్టర్ అందుకోలే."

ఇన్వర్టర్ చూసేది నర్సింగం. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పంపు నడిపి రిటైరైన మనిషి. సార్ ఆయనను పిలిపించి, వచ్చిన పిల్లల ముందే కడిగేశాడు. బ్యాటరీ సంగతి తేలేదాకా కంపైల్ మళ్లీ మొదలుపెట్టేది లేదన్నాడు.

"నీతోని కాకుంటే చెప్పు కాకా, రేపటి సంది ఇంకొకర్ని పెట్టుకుంట."

నర్సింగం నిన్ననే బ్యాటరీలో నీళ్లు పోశానని మెల్లగా అన్నాడు. మెట్ల కింది చీకట్లోకి వంగి, నడుం పట్టుకుంటూ బ్యాటరీ బయటకు లాగాడు. ఒక్కో మూత తీసి చూశాడు. నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ మొదటి మూత దగ్గరికి వచ్చాడు. తప్పు తనదేనేమోనని ఆ ముసలాయన వెతుక్కుంటుంటే యమున ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. నిజం చెబితే రేపు ఈ గదిలో తనకు చోటుండదు. చెప్పకపోతే ఆయనకుండదు.

గంట గడిచాక ఆమె సార్ బల్ల దగ్గరికి పోయింది. తల ఎత్తలేదు.

"కరెంటు పోలే సార్. సైరన్ మోగితే నేనే బంద్ చేసిన."

సార్ పెన్ను కింద పెట్టాడు.

"సైరన్ మోగినా దాన్ని ఆపొద్దని నీకు నేనే చెప్పలే. గప్పుడే చెప్తే అయిపోవు గదా యమునా. మల్ల మేక్ కొడితే ఆగిన కాన్నుంచి నడుస్తది." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇప్పుడు నర్సింగం కాక మొఖం నేనెట్ల చూడాలె?"

ఆయన లేచి మూల కంప్యూటర్ దగ్గరికి పోయాడు. యమున మెట్ల కిందికి నడిచింది. మధ్య తలుపు తీసే ఉంది. నర్సింగం అంతా వినే ఉంటాడు. అంగీ మీద యాసిడ్ మరకలతో తీగలు తిరిగి బిగిస్తున్నాడు. తప్పైందని చెప్పబోయింది.

"టార్చి ఇటు పట్టు బిడ్డా, కనవడ్తలేదు," అన్నాడాయన, ఎప్పుడూ పిలిచే గొంతుతోనే.

తిట్టినా బాగుండేది. ఆమె రెండు చేతులతో టార్చి పట్టుకుంది. వెలుగు ఒకచోట నిలవడం లేదు. నర్సింగం ఒకసారి ఆగి, తీగను వేళ్లతో తడిమి వెతుక్కున్నాడు.